తల్లికి తోడుగా వచ్చిన కూతురు: ఒట్టావాలో ఒక ఇన్యూట్ కుటుంబ సంరక్షణపై కేస్ స్టడీ

కెనడా రాజధాని ఒట్టావాలో మూత్రపిండాల వ్యాధి ఉన్నవారితోనూ వారి కుటుంబాలతోనూ పనిచేసే సోషల్ వర్కర్‌గా నేను చూసిన ఒక కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గోప్యత కోసం వయసులు, కుటుంబ వివరాలు మార్చాను. ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న మరికొన్ని కుటుంబాల అనుభవాలను కూడా ఇందులో కలిపాను. ఎవరి పేరూ, ఏ ఊరి పేరూ చెప్పడం లేదు. రోగిని పెద్దావిడ అనీ, ఆమెకు తోడుగా వచ్చిన మనిషిని కూతురు అనీ పిలుస్తాను. ఇక్కడి ఆస్పత్రుల్లో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో చాలామంది తెలుగువారు నర్సులుగా, సహాయకులుగా పనిచేస్తున్నారు కనుక, ఇన్యూట్ కుటుంబాలు వారికి ఎదురైనప్పుడు ఈ కేసు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో తెలుగులో రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. రోగి పేరు మీద ఫైలు తెరిచి, వెంట వచ్చిన స్త్రీని ఒక గడిలో 'ఎస్కార్ట్' అని రాసి ఊరుకుంటే, ఆ కుటుంబంలో ఎవరి బాగోగులు ఎవరు చూస్తున్నారో, ఎవరివి ఎవరూ చూడటం లేదో మనకు తెలియదు. ఆమె ఊరు వదిలి వచ్చినప్పుడు అక్కడ ఆగిపోయిన పనుల నుంచే మన అంచనా మొదలు కావాలి.

నేపథ్యం

ఇన్యూట్‌లు ఆర్కిటిక్ ప్రాంతపు మూలవాసులు. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో వారి సంఖ్య 70,545. వారిలో సుమారు 69 శాతం మంది 'ఇన్యూట్ నునంగత్' అని పిలుచుకునే తమ స్వస్థల ప్రాంతాల్లోనే ఉంటున్నారు, మిగిలినవారు ఇతర చోట్ల, ముఖ్యంగా కెనడా దక్షిణాది నగరాల్లో ఉంటున్నారు. ఆ స్వస్థలాల్లో ఒకటైన నునావుట్ 1999 ఏప్రిల్ 1న ప్రత్యేక పాలనా ప్రాంతంగా ఏర్పడింది. అక్కడ ఉన్నవి 25 ఊళ్లు, ఆ ఊళ్లను కలిపే రోడ్లు లేవు. చాలా ఊళ్లలో నర్సులు నడిపే హెల్త్ సెంటర్ ఒకటి ఉంటుంది, డాక్టర్లు అప్పుడప్పుడు విమానంలో వచ్చి వెళతారు. పెద్ద వైద్యం కావాలంటే కివల్లిక్ ప్రాంతం వారు విన్నిపెగ్‌కు, కిటిక్మియోట్ వారు ఎల్లోనైఫ్‌కు లేదా ఎడ్మంటన్‌కు, బాఫిన్ ప్రాంతం వారు ముందు నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌కు, అక్కడ కుదరకపోతే రెండు వేల కిలోమీటర్ల దూరంలోని ఒట్టావాకు వెళ్లాలి.

ఇన్యూట్ స్త్రీలు నగరానికి రావడానికి కారణాలు అనేకం. చదువు, ఉద్యోగం, ఇంటి కొరత, ఇంట్లో హింస అన్నీ ఉన్నాయి. కాన్పు కోసం నెలలు నిండకముందే పిల్లలను ఇంటి దగ్గర వదిలి విమానం ఎక్కే తల్లులూ ఉన్నారు. అయితే నా పనిలో ఎక్కువగా కనిపించేది మరో దారి. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తుంది, వెంట ఒక స్త్రీ వస్తుంది, కొద్ది వారాలనుకున్నది నెలలవుతుంది, చివరికి అదే వలస అవుతుంది. ఆమె నగరాన్ని ఎంచుకుని రాలేదు కనుక నగరం కోసం ఏ ఏర్పాటూ చేసుకుని ఉండదు.

కుటుంబం

పెద్దావిడకు 72 ఏళ్లు. బాఫిన్ దీవిలోని ఒక చిన్న ఊరు ఆమెది. మాట్లాడేది ఇనుక్టిటూట్, ఇంగ్లీషు కొద్దిగా అర్థమవుతుంది. మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిని, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకోవలసిన స్థితికి వచ్చారు. ఆ సదుపాయం వారి ఊళ్లో లేదు. కూతురికి 41 ఏళ్లు, ఊళ్లోని సహకార దుకాణంలో ఉద్యోగం చేసేది. ఇద్దరితోపాటు ఆరేళ్ల బాబు కూడా వచ్చాడు. కన్నది కూతురే అయినా, పుట్టినప్పుడే అతన్ని పెద్దావిడ దత్తత తీసుకున్నారు. మనవళ్లను తాతలు, అమ్మమ్మలు ఇలా దత్తత తీసుకుని పెంచుకోవడం ఇన్యూట్ సమాజంలో తరతరాలుగా ఉన్న ఆచారం. కోర్టుకు వెళ్లకుండానే ఆచార దత్తతకు చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చే చట్టం కూడా అక్కడ ఉంది.

ముగ్గురూ మొదట వైద్యం కోసం వచ్చేవారి వసతి గృహంలో దిగారు, తర్వాత ఇన్యూట్ కుటుంబాలు ఎక్కువగా ఉండే వేనియర్ పేటలో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌కు మారారు. గుర్తింపు పొందిన ఇన్యూట్‌లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అదనపు ఆరోగ్య సదుపాయాల కింద రోగి ప్రయాణానికీ, అవసరమైతే ఒక తోడు మనిషికీ ఖర్చు వస్తుంది. అయితే తోడుకు అనుమతి పరిమిత కాలానికే ఇస్తారు. గడువు దాటితే, అవసరం ఇంకా ఉందని మళ్లీ రుజువు చేయాలి. మా దగ్గరకు ఈ కేసు వచ్చిన కారణం అదే. "ఎస్కార్ట్ గడువు పొడిగింపు కోసం లేఖ కావాలి" అన్నది రిఫరల్‌లోని ఏకైక వాక్యం.

దానితోపాటు వచ్చిన ఆస్పత్రి నోట్‌లో మరో మాట ఉంది. రోగికి మతిమరుపు జబ్బు ఉండవచ్చుననీ, కూతురిని గుర్తుపట్టలేకపోతున్నారనీ, వైద్యానికి సమ్మతి ఇచ్చే సామర్థ్యం సందేహాస్పదమనీ రాశారు.

అంచనా

ముందుగా ఆ సందేహం సంగతి తేల్చవలసి వచ్చింది, ఎందుకంటే దాని మీదే మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడి ఉన్నాయి. ఒట్టావా ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 1996 నాటి ఆరోగ్య సమ్మతి చట్టం ప్రకారం ప్రతి మనిషికీ సామర్థ్యం ఉన్నట్టే ముందు భావించాలి. చెప్పిన సమాచారం అర్థం చేసుకోగలగడం, ఒప్పుకుంటే ఏమవుతుందో ఒప్పుకోకపోతే ఏమవుతుందో గ్రహించగలగడం అన్న రెండే దానికి కొలమానాలు. రోజు, తేదీ, ఆస్పత్రి పేరు చెప్పలేకపోవడం అందులో లేదు.

నోట్ ఎలా తయారైందో తెలుసుకున్నాను. టెలిఫోన్‌లో దుభాషి, గదిలో పెద్దావిడ, ఎదురుగా పరీక్షించే వ్యక్తి ఉన్నారు. ఇన్యూట్ పెద్దలు చాలామంది అవునంటే కనుబొమలు పైకెత్తుతారు, కాదంటే ముక్కు ముడుస్తారు. ఫోన్‌లో ఉన్న దుభాషికి అది కనబడదు, ఎదురుగా ఉన్న వ్యక్తికి దాని అర్థం తెలియదు. "సమాధానం లేదు" అని రాసినవాటిలో చాలావాటికి ఆవిడ సమాధానం చెప్పే ఉన్నారు. పరీక్షలో వాడినది మోకా అనే ప్రశ్నావళి. దాని ప్రామాణిక రూపంలో పేర్లు చెప్పమని చూపే బొమ్మలు సింహం, ఖడ్గమృగం, ఒంటె. జీవితమంతా సీళ్లనూ, కారిబూలనే ఆర్కిటిక్ జింకలనూ చూసిన మనిషికి ఒంటె పేరు రాకపోతే అది మతిమరుపుకు నిదర్శనం కాదు. ఆస్ట్రేలియా మూలవాసుల కోసం కింబర్లీ ప్రాంతంలో తయారు చేసిన పరీక్షనూ, దాని ఆధారంగా కెనడా మూలవాసులతో కలిసి తీర్చిదిద్దిన రూపాన్నీ నేను బృందం దృష్టికి తెచ్చాను. అవి కూడా ఇన్యూట్‌ల కోసం చేసినవి కావు. అయినా పరీక్షకు ముందు ఆ మనిషి జీవితం గురించి అడగాలన్న స్పృహ వాటిలో ఉంది.

ఇక కూతురిని గుర్తుపట్టకపోవడం. "ఈమె ఎవరు?" అని అడిగితే పెద్దావిడ "మా అమ్మ" అన్నారట. ఇన్యూట్ సమాజంలో చనిపోయినవారి పేరు పుట్టిన బిడ్డకు పెడితే, ఆ బిడ్డతో బంధుత్వం కూడా ఆ పేరును బట్టే నడుస్తుంది. పెద్దావిడ తన కన్నతల్లి పేరు కూతురికి పెట్టుకున్నారు. పుట్టిన రోజు నుంచి ఆమెను అమ్మా అనే పిలుస్తున్నారు. మన ఇళ్లలో కూడా తాత పేరు పెట్టిన మనవడిని పేరు పెట్టి పిలవలేక "నాన్నా" అని పిలిచే తల్లులు ఉన్నారు కనుక నాకు ఇది అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టలేదు. కూతురిని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం ఇది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె రోగి కాదు, ఎస్కార్ట్.

ఆ పేరు వెనుక ఉన్నది ఈ కేసులో మరింత ముఖ్యమైన సంగతి. 1950 నుంచి 1969 వరకు సి.డి. హౌ అనే ప్రభుత్వ నౌక తూర్పు ఆర్కిటిక్ తీరంలోని ఊళ్లకు వెళ్లి, నౌక మీదే ఎక్స్-రేలు తీసి, క్షయ ఉన్నట్టు తేలినవారిని దక్షిణాదికి తీసుకుపోయేది. ఒడ్డుకు దిగి పిల్లలకు చెప్పి రావడానికి కూడా చాలామందిని అనుమతించలేదు. 1956 నాటికి ఇన్యూట్ జనాభాలో సుమారు ఏడో వంతు దక్షిణాది శానటోరియంలలో, అంటే క్షయ ఆస్పత్రుల్లో, ఉంది. అలా వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు, ఎక్కడ పాతిపెట్టారో ఇంటివారికి ఎవరూ చెప్పలేదు. పెద్దావిడ తల్లి వారిలో ఒకరు. ఆమె వెళ్లేటప్పటికి పెద్దావిడ పసిపిల్ల. 2019 మార్చి 8న అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో ఇకాలుయిట్‌కు వెళ్లి దీనికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఆనాడు పోయినవారి సమాధుల జాడ వెతికి కుటుంబాలకు చెప్పే నానిలావుట్ కార్యక్రమం కూడా నడుస్తోంది. దక్షిణాదిలో మంచం మీద పడుకోబెట్టి "ఇక్కడే ఉండాలి" అంటే ఆ మాట ఈవిడకు ఎలా వినిపిస్తుందో, ఈ చరిత్ర తెలియకుండా ఏ అంచనా వేసినా అది అసంపూర్ణమే.

దుభాషిని ఈసారి గదిలోకే పిలిపించాం. ఇనుక్టిటూట్‌లో యాసల తేడాలు ఎక్కువ కనుక బాఫిన్ వైపు మనిషే కావాలని పట్టుబట్టాను. పెద్దావిడ చాలాసేపు మౌనంగా ఉన్నారు, ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత ఆవిడ స్పష్టంగా చెప్పినది ఇది: యంత్రం ఆపితే కొద్ది రోజుల్లో లేదా వారాల్లో చనిపోతానని తెలుసు, ఇప్పుడే చనిపోవాలని లేదు, కానీ ఇక్కడ చనిపోకూడదు. సామర్థ్యం గురించిన సందేహాన్ని బృందం ఆ రోజే తొలగించింది.

కూతురి సంగతి

అప్పుడు కూతురితో విడిగా కూర్చున్నాను. మేము వాడే ఫారంలో సంరక్షకుల గురించి ఉండేది "ఒత్తిడి ఎంత?" అనే తరహా ప్రశ్న. దానికి ఆమె "బాగానే ఉన్నాను" అంది. నేను ఆ ఫారం పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద వాళ్ల ఊరి ఇంటి బొమ్మ గీయమన్నాను. మూడు పడక గదులు, తొమ్మిది మంది. 2021 లెక్కల ప్రకారం ఇన్యూట్ నునంగత్‌లో సగానికి పైగా ఇన్యూట్‌లు ఇరుకు ఇళ్లలోనే ఉంటున్నారు కనుక ఇది అసాధారణమేమీ కాదు. ఒక్కొక్కరి పేరు దగ్గర, నువ్వు ఊళ్లో ఉన్నప్పుడు వీళ్లకు ఏం చేసేదానివి, ఇప్పుడు ఎవరు చేస్తున్నారు అని అడుగుతూ పోయాను.

ఆ కాగితం మీద తేలినవి ఏ ఫైలులోనూ లేవు. ఆమె పిల్లల్లో పెద్దది పదహారేళ్ల అమ్మాయి. ఇద్దరు తమ్ముళ్లకు వండిపెట్టి బడికి పంపడం ఇప్పుడు ఆ పిల్ల పని, తను మాత్రం బడికి సరిగ్గా వెళ్లడం లేదు. పెద్దావిడ చెల్లెలికి కళ్లు సరిగా కనిపించవు. ఆమెకు మందులు ఇచ్చేది కూతురే, ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. అన్నయ్య వేటకు వెళ్లేటప్పుడు వేసుకునే చర్మపు దుస్తులు కుట్టేది కూతురు, ఈ ఏడు అవి పాతవే. దుకాణం జీతం ఆగిపోయింది. తీవ్ర అనారోగ్యంలో ఉన్న పెద్దవారిని చూసుకునేవారికి ఉద్యోగ బీమా నుంచి గరిష్ఠంగా వచ్చే 15 వారాల భత్యం అయిపోయింది. పిల్లల భత్యం తన ఖాతాలో పడుతుంది, ఆమె అందులో నుంచి ఊరికి పంపుతుంది. అద్దె కట్టాక పంపడానికి మిగిలేది తక్కువ. రక్తపోటు మాత్రలు ఊళ్లో ఉన్నప్పుడు వేసుకునేది, ఒట్టావాలో తనకంటూ డాక్టరు లేరు కనుక మానేసింది. ఈ చివరి సంగతి చెప్పేటప్పుడు కూడా ఆమె దాన్ని తన సమస్యగా చెప్పలేదు. మాత్రల డబ్బా ఖాళీ అయిందని చెప్పి బొమ్మ వైపు చూసింది.

రోగికి వారానికి మూడు రోజులు డయాలసిస్, డైటీషియన్, నర్సు, నెఫ్రాలజిస్టు అంతా ఉన్నారు. ఆ మనిషిని నిలబెడుతున్న స్త్రీకి ఈ నగరంలో ఒక్క ఫైలు కూడా లేదు. ఆమె బరువు మోయలేక కూలితే ఆ వెంటనే పడేది పదహారేళ్ల పిల్ల మీద. సంరక్షణ ఒక స్త్రీ చేతి నుంచి మరో స్త్రీ చేతికి, అక్కడి నుంచి చిన్నపిల్ల చేతికి జారుతూ పోతుంటే, ఎస్కార్ట్ గడువు పొడిగించే లేఖ ఒక్కటి రాసి పంపడం నా దృష్టిలో పని పూర్తి చేయడం కాదు.

చేపట్టినవి

మొదట కూతురి పేరు మీద ప్రత్యేకంగా ఫైలు తెరవడానికి మా సూపర్‌వైజర్ అనుమతి తీసుకున్నాను. ఆమెకు డాక్టరును చూపించడం, మందులు మళ్లీ మొదలుపెట్టించడం ఆ వారమే జరిగింది. తర్వాతిది బాబు బడి. కాగితాల ప్రకారం తల్లి పెద్దావిడ, బడికి తీసుకెళ్లేది కూతురు. కస్టడీ పత్రం ఏదని బడి అడిగింది. ఆచార దత్తతకు నునావుట్‌లోని కమిషనర్ ఇచ్చే ధ్రువపత్రం నకలు తెప్పించాక ఆ చిక్కు తీరింది. ఒట్టావాలో 1987 నుంచి పనిచేస్తున్న తుంగసువ్వింగత్ ఇన్యూట్ సంస్థ, ఇన్యూట్ పిల్లల కోసం ఉన్న ఇనూకతిగీట్ కేంద్రం వంటివి లేకపోతే ఈ నగరంలో మా పని చాలా కష్టమయ్యేది. బాబుకు ఇనుక్టిటూట్ వినిపించే చోటు, కూతురికి కుట్టుపని చేసుకుంటూ తనవాళ్లతో కూర్చునే చోటు అవి.

తిండి గురించి ఒక మాట చెప్పాలి. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే అన్నయ్య కారిబూ మాంసం, ఆర్కిటిక్ చార్ చేప గడ్డకట్టించి అట్టపెట్టెలో పంపేవాడు. డయాలసిస్ రోగికి అది మంచిది కాదేమోనని కూతురు భయపడి దాచేసింది. డైటీషియన్‌తో కూర్చుని మాట్లాడితే తేలిందేమిటంటే, ఉప్పు కలపని ఆ మాంసం, దుకాణంలో కొన్న డబ్బా మాంసం కంటే ఎంతో నయం. డయాలసిస్ మీద ఉన్నవారికి మాంసకృత్తులు మామూలు కంటే ఎక్కువే కావాలి. భాస్వరం, పొటాషియం చూసుకుని ఎంత తినవచ్చో డైటీషియన్ కొలత చెప్పారు. పెద్దావిడ వంటగది నేల మీద అట్ట పరుచుకుని కూర్చుని, ఉలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో చేపను తనే కోసుకున్నారు. తిండి తగ్గిపోయిందని నర్సులు రాస్తున్న నోట్లు ఆ తర్వాత ఆగిపోయాయి.

అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఆవిడ ఇంటికి వెళ్లగలరా? రక్తం శుద్ధి చేసే యంత్రం ఊళ్లో కుదరదు కానీ, పొట్టలోకి గొట్టం పెట్టి ద్రవాన్ని ఎక్కించి తీసే పెరిటోనియల్ డయాలసిస్ ఇంటి దగ్గర చేసుకోవచ్చు. చేతులు శుభ్రంగా కడుక్కోకపోతే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది. వారి ఊళ్లో నీళ్లు లారీలో తెచ్చి ఇంటి ట్యాంకులో పోస్తారు, మంచు తుపాను వస్తే లారీ రాదు. ద్రవం సంచుల పెట్టెలు నెలకు పదుల సంఖ్యలో విమానంలో రావాలి, గడ్డకట్టకుండా ఇంటి లోపలే ఉంచాలి. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో వాటికి చోటు ఎక్కడ? కరెంటు డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది కనుక, రాత్రిపూట నడిచే యంత్రం కంటే రోజుకు నాలుగుసార్లు చేత్తో మార్చే పద్ధతే నమ్మదగినదని నర్సు చెప్పారు. దానికి శిక్షణ పొందిన మనిషి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.

కుటుంబ సమావేశం ఫోన్‌లో పెట్టాం. అందరూ మాట్లాడి, అందరికీ సమ్మతమయ్యేదాకా ఆగి నిర్ణయించడం ఇన్యూట్ సమాజంలో పాటించే విలువ కనుక, ఆస్పత్రి మామూలుగా ఇచ్చే అరగంట వ్యవధి పనికిరాదని ముందే చెప్పి మధ్యాహ్నమంతా ఖాళీ పెట్టించాను. నేను అడిగినది ఒక్క ప్రశ్న: కూతురు కాకుండా ఇంకెవరు నేర్చుకోగలరు? అంతదాకా ఆస్పత్రిగానీ, కుటుంబంగానీ ఆమెను తప్ప మరొకరిని ఊహించలేదు. చాలాసేపటి తర్వాత అన్నయ్య "నేను నేర్చుకుంటాను" అన్నాడు. సీలును కోసి, పేగులు శుభ్రం చేసే తన చేతులకు ఈ పని కష్టం కాదన్నాడు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం వంటివి వదిన చూసుకుంటానంది. పదహారేళ్ల అమ్మాయి కూడా లైన్‌లో ఉంది. తను ఏమీ చేయనక్కరలేదని అమ్మమ్మ అందరి తర్వాత, చివరగా చెప్పారు.

ప్రస్తుత స్థితి

అన్నయ్య ఎస్కార్ట్‌గా ఒట్టావాకు వచ్చి శిక్షణ పూర్తి చేశాడు. పెద్దావిడకు గొట్టం అమర్చారు, మొదటి వారాలు ఇక్కడే గడిచాయి, ఇన్ఫెక్షన్ రాలేదు. అన్నయ్య కుటుంబానికి కేటాయించిన గదిలో పెట్టెలకు గోడ పక్కన చెక్క అరలు కట్టారు. అదనపు నీటి నిల్వ కోసం గృహ నిర్మాణ సంస్థకు ఊరి నర్సు, నేను కలిసి రాసిన లేఖకు జవాబు రావాల్సి ఉంది. అది వచ్చాకే ప్రయాణం తేదీ ఖరారవుతుంది. తన తల్లి సమాధి జాడ కోసం నానిలావుట్‌కు దరఖాస్తు చేయాలని పెద్దావిడ స్వయంగా అడిగారు, పంపించాం. తాను ఒట్టావాలో చనిపోతే దేహాన్ని ఊరికి చేర్చాలన్న కోరికను ఫైలు మొదటి పేజీలోనే రాసి ఉంచాం.

పదహారేళ్ల అమ్మాయి బడికి వెళ్తోంది. కళ్లు కనిపించని చిన్నమ్మకు మందులు ఇవ్వడానికి ఊరి హోమ్ కేర్ కార్యకర్త వస్తోంది. కూతురు మాత్రం వెంటనే తల్లితో తిరిగి వెళ్లడం లేదు. బాబు విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా, అంటే జూన్ చివరిదాకా, ఒట్టావాలోనే ఉంటానంది. తర్వాత సంగతి ఇంకా నిర్ణయించుకోలేదు. నగరంలో ఉండిపోతే అద్దె, ఉద్యోగం కావాలి. వెళ్లిపోతే దుకాణంలో పాత పని దొరుకుతుందన్న హామీ లేదు. తల్లి ఫైలు ఊరికి బదిలీ అయినా ఆమె ఫైలు మా దగ్గరే తెరిచి ఉంటుంది. జూన్ సమీక్షలో ఆమె రక్తపోటు, ఆదాయం, ఇద్దరు చిన్నపిల్లలు ఎక్కడ ఉంటారన్న మూడు విషయాలు ఆమెతోనే కూర్చుని చూస్తాం.